కోయంబత్తూరులో ఒక పాత కారు ఇంజను

కోయంబత్తూరు అనగానే మనవాళ్ళలో చాలామందికి నూలు మిల్లులు, సిరువాణి నీళ్ళు, వెట్ గ్రైండర్లు గుర్తుకు వస్తాయి. పాలఘాటు కనుమ నుండి సాయంత్రం పూట వీచే చల్లగాలి అక్కడ ఒక్క రోజు ఉన్నవారికి కూడా గుర్తుండిపోతుంది. విజయనగర, నాయక రాజుల కాలం నుండి ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. లక్ష్మీ మిల్స్ స్థాపించిన కుప్పుస్వామి నాయుడుగారు, 1926లో ధర్మసంస్థ ఏర్పాటు చేసి విద్యాలయాలకు పునాది వేసిన పి.ఎస్.జి. కుటుంబంవారు, అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడినవారే. అయితే ఈసారి నేను పాఠకులకు చెప్పదలచుకున్నది మిల్లుల సంగతి కాదు. ఆ ఊరివాళ్ళకు యంత్రంతో ఉన్న చనువు సంగతి.

ఆ చనువుకు ఆద్యులు జి.డి. నాయుడుగారు (1893-1974). సూలూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. పెద్దగా చదువుకోలేదు. ఒక తెల్లదొర నడుపుతున్న మోటారు సైకిలును చూసి మనసుపడి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొన్నారనీ, కొన్నాక ఇంటికి తెచ్చి మేకు మేకూ ఊడదీసి తిరిగి బిగించారనీ అక్కడ ప్రతి ఇంటా కథలాగా చెప్పుకుంటారు. అదే ఆయన కాలేజీ. 1920లో పొళ్ళాచికీ పళనికీ మధ్య ఒక్క బస్సుతో రవాణా మొదలుపెట్టారు. అది యునైటెడ్ మోటార్ సర్వీసో మరేదో అని కొందరు పొరబడతారు గాని, దాని పేరు యూనివర్సల్ మోటార్ సర్వీసు. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి దేశంలో మొట్టమొదటి విద్యుత్ మోటారు తయారీకి పూనుకున్నారు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన పొడవైన పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. ఆ రోడ్డు మీదే 2015లో తెరిచిన జి.డి. కార్ మ్యూజియం ఉంది. పిల్లలతో వెళ్ళేవారు తప్పక చూడవలసిన చోటు.

మోటారు పందాల సంగతికి వచ్చినా ఈ ఊరికి పెద్ద పేరే ఉంది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్‌గారు షోలవరం పందాలలో పేరు తెచ్చుకుని, 1980 దశకం చివరిలో మారుతి 800 ఇంజనుతో చవకైన పందెపు కార్లు తయారు చేయించారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. చెట్టిపాళయం దగ్గర ఉన్న పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా ఈ ఊరి కుటుంబంవాడే.

ఇంత పెద్ద పేర్ల మధ్య పేరులేని వాళ్ళు ఇంకెందరో ఉన్నారు. మా మేనమామ వారిలో ఒకరు. నూలు యంత్రాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు 79 ఏళ్ళు. గణపతి వైపు ఆయన ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఒక ఎం.జి.ఎ. కారు. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైకప్పు గుడ్డది.

పాఠకులలో చిన్నవారికి ఒక మాట చెప్పాలి. 2019 నుండి మన రోడ్ల మీద కనిపిస్తున్న ఎం.జి. కార్లకూ దీనికీ పేరు వరకే చుట్టరికం. ఎం.జి. అంటే మోరిస్ గరాజెస్. ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో 1955 నుండి 1962 దాకా ఎం.జి.ఎ. రకం కార్లు లక్షకు పైగా తయారైతే, వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే ఎగుమతి అయ్యాయి. మన దేశానికి వచ్చినవి బహు కొద్ది. నీలగిరుల్లో ఒక తేయాకు తోట మేనేజరు ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోతూ, ఇంజను పట్టేసి కదలకుండా పడి ఉన్న కారును 1974లో మామయ్యకు అమ్మేశాడు. కదిలే కారయితే ఫిట్టరు జీతంతో కొనగలిగేవాడిని కాదని ఆయనే నవ్వుతూ చెబుతారు.

అది మళ్ళీ కదలడానికి కారణం మన అంబాసిడరు. ఎం.జి.ఎ. మొదటి రకంలో ఉన్నదీ, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన అంబాసిడరులో పెట్రోలు ఇంజనుగా చాలాకాలం వచ్చినదీ ఒకే కుదురుకు చెందినవి. రెండూ 1489 సి.సి., నాలుగు సిలిండర్లు, బోరూ స్ట్రోకూ కూడా ఒకటే. స్పోర్ట్స్ కారు కాబట్టి ఎం.జి.కి రెండు కార్బ్యురేటర్లు, ఎక్కువ కంప్రెషన్, కొంచెం వేరే కామ్ షాఫ్టు పెట్టారు. ఊరేగే పెళ్ళికొడుకూ, పొలం పనికి వెళ్ళే అతని అన్నా అన్నమాట. అంబాసిడరు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది గాని, దాని విడిభాగాలు పాత దుకాణాల్లో ఇంకా దొరుకుతున్నాయి.

మామయ్య 1975లో ఒకసారి, 1991లో మరోసారి ఆ ఇంజనును ఆ షెడ్డులోనే పూర్తిగా విప్పి బిగించారు. ఇటీవలి సంవత్సరాలలో పొగ ఎక్కువైంది. ఆయిలు ప్రెషరు పడిపోయింది. చివరికి లోపల నుండి డొక్కు డొక్కుమని చప్పుడు మొదలైతే, కారుకు గుడ్డ కప్పేశారు. అమెరికాలో ఉన్న ఆయన కొడుకు, అంటే నా బావమరిది, అమ్మేయమని చెబుతూ వచ్చాడు. ముంబయి నుండి ఒక వ్యాపారి వచ్చి, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుపోతానని బేరం కూడా పెట్టాడు. మామయ్యకు చేతులు వణుకుతున్నాయి. కుడి కంటికి ఆపరేషన్ అయింది. "ఇంజనుకు ప్రాణం ఉంటే ఇస్తే నాకు పాపం. లేకుంటే ఉంచుకుంటే పాపం. విప్పి చూస్తేనే కదా తెలిసేది," అన్నారు ఫోనులో. 2025 సంక్రాంతి సెలవులకు మరో వారం సెలవు జోడించి, నేను హోసూరు నుండి రాత్రి బస్సెక్కాను.

నేను బి.కాం. చదివి బ్యాంకులో ఆఫీసరైనవాడిని. స్పానరు పట్టడం నా పని కాదు. నాకిచ్చిన పని లెక్క రాయడం. స్పానరు పట్టింది మామయ్య కూతురి కూతురు. డిప్లొమా మెకానికల్ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్న 20 ఏళ్ళ పిల్ల. మామయ్య స్టూలు మీద కూర్చుని చెప్పాలి, అమ్మాయి చేయాలి, నేను రాయాలి. ఇదీ ఏర్పాటు.

మొదటి రోజు ఏదీ విప్పలేదు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో ఎంత ఒత్తిడి నిలుస్తోందో గేజి పెట్టి చూశారు. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లలో 115 నుండి 125 పౌండ్ల దాకా వచ్చింది. మూడో దానిలో 60 మాత్రమే. అప్పుడు మామయ్య ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోయించి మళ్ళీ చూడమన్నారు. 60 కాస్తా 95 అయింది. "వాల్వు దగ్గర లీకయితే ఆయిలు పోసినా పెరగదు. పెరిగిందంటే రోగం రింగుల్లోనో బోరులోనో ఉంది," అన్నారు. ఒక చెంచాడు నూనెతో రోగం ఎక్కడుందో తేల్చేసిన ఆ పద్ధతి నాకు భలే నచ్చింది. అప్పు పుచ్చుకోవడానికి వచ్చినవాడి ఖాతా పుస్తకం తిరగేసినట్టే ఉంది.

రెండో రోజు బానెట్టు, రేడియేటరు, రెండు కార్బ్యురేటర్లు, సైలెన్సరు గొట్టం విప్పారు. విప్పిన ప్రతి బోల్టూ ఒక హార్లిక్స్ సీసాలోకి, ప్రతి సీసా మీదా ఒక చీటీ. మూడు ఇనుప పైపులతో ముక్కాలి నిలిపి, చైను బ్లాకు తగిలించి, గేరుబాక్సుతో సహా ఇంజనును ముక్కు పైకెత్తి వాలుగా లాగారు. దాదాపు రెండు క్వింటాళ్ళ బరువు. ఆ సమయానికి వీధిలోని పిల్లలందరూ గోడ ఎక్కి కూర్చున్నారు. అత్త మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, అది నేల మీద దిగేదాకా కళ్ళు మూసుకునే ఉంది. ఆ పూట ఆవిడ అందరికీ అరిసి పరుప్పు సాదం పెట్టింది. అన్నమూ పప్పూ కలిపి వండే ఆ కొంగునాటి వంట, మన ఇళ్ళలో ఇప్పుడు తెలుగు వంటే అయిపోయింది.

మూడు రోజులు ఇంజను విప్పడానికే పట్టింది. విప్పడంలో అసలు నేర్పు బలంలో లేదు, వరుసలో ఉందని నాకప్పుడు తెలిసింది. హెడ్డు నట్లు ఒక్కటొక్కటిగా పూర్తిగా తీయకూడదు, వరుస ప్రకారం కొంచెం కొంచెం వదులు చేయాలి, లేకుంటే హెడ్డు వంగుతుంది. ఎనిమిది పుష్‌రాడ్లను అట్టకు రంధ్రాలు చేసి వరుసగా గుచ్చి పెట్టాలి. కనెక్టింగ్ రాడ్డుల టోపీలు ఒకదానివి మరోదానికి మారకూడదు, ఎందుకంటే అవి జంటలుగా తయారైనవి. చోటు మారితే ఒరిపిడి మొదటి నుండి మొదలవుతుంది.

అప్పుడు మామయ్య లోపలి నుండి ఒక నోటు పుస్తకం తెప్పించారు. 1975, 1991 కొలతలన్నీ అందులో ఉన్నాయి. మాట తెలుగు, అక్షరం తమిళం. మామయ్యకు తెలుగు చదవడం, రాయడం రాదు. ఆ తరంలో అక్కడి మనవాళ్ళు చాలామంది అంతే, బడి తమిళం, ఇల్లు తెలుగు. తమిళంలో పకారానికీ బకారానికీ ఒకటే అక్షరం కావడంతో అమ్మాయి "మూడో పోరు" అని చదివి, "తాతా, ఏం పోరు ఇది?" అని అడిగింది. అది బోరు. మేం నవ్వాం గాని, తర్వాత చూస్తే ఆ మాటే నిజమైంది.

పోరు ఇలా వచ్చింది. ఇంజను పనిలో కొలతంతా అంగుళంలో వెయ్యో వంతు మీద నడుస్తుంది. దాన్నే వర్క్‌షాపుల్లో థౌ అంటారు. సిలిండరు అరిగితే లోపలి గోడను గుండ్రంగా చెక్కి కొంచెం పెద్దది చేసి, దానికి తగ్గ పెద్ద పిస్టను వేస్తారు. ఈ ఇంజనుకు అలా 40 థౌ దాకా పెంచవచ్చు. 1991లోనే 20 పెంచేశారు. మిగిలింది ఇంకో 20, అంటే గోడకు ఒక్కో వైపు 10 థౌ. మా భాషలో చెప్పాలంటే, ప్రతి బోరింగూ వడ్డీలోంచి కాదు, అసలులోంచి తీసే ఖర్చు. క్రాంకు షాఫ్టుదీ ఇదే లెక్క, దాన్ని రాపిడి పట్టి సన్నం చేస్తారు. 1991లో 20 తగ్గింది, ఈసారి 30 చేయాలి.

మూడో సిలిండరులో ఒక రింగు విరిగి, ముక్క గోడ మీద పైనుంచి కిందికి గీత గీసింది. వేలి గోరు తట్టుకునేంత లోతు. అది 10 థౌ లోపల ఉంటే చెక్కేటప్పుడు చెరిగిపోతుంది. దాటితే ఆ సిలిండరుకు కొత్త ఉక్కు గొట్టం దిగగొట్టాలి. పలచబడిన పాత బ్లాకు దానికి తట్టుకుంటుందో లేదో మామయ్య మాట ఇవ్వలేకపోయారు. బోర్ గేజి పట్టుకున్న అమ్మాయి ఒకే చోట మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ వేరు వేరు అంకెలు చెప్పింది. ఆయన విసుక్కోలేదు. "చేయి కొలుస్తున్నది, గేజి కాదు. ఊపిరి వదిలి, గేజిని అటూ ఇటూ ఊపి, అన్నిటికన్నా తక్కువ ఎక్కడ చూపిస్తే అది చదువు," అన్నారు. తర్వాతి మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది.

ఇంట్లో చేయగల పనికి ఒక హద్దుంది. విప్పడం, కిరసనాయిలుతో కడగడం, కొలవడం, వాల్వులకు పేస్టు పెట్టి నూరడం, తిరిగి బిగించడం ఇంట్లో అవుతాయి. సిలిండరు చెక్కడానికీ, క్రాంకు రాపిడి పట్టడానికీ పెద్ద యంత్రం కావాలి. కోయంబత్తూరులో అందుకు దూరం పోనక్కరలేదు. ఫౌండ్రీ, లేతు, గ్రైండింగ్ షాపు ఒకే వీధిలో పక్కపక్కన ఉంటాయి. పంపుసెట్లు, వెట్ గ్రైండర్లు తయారుచేసే ఊరు కావడంతో, ఒక్క ముక్క చేసిపెట్టమన్నా కాదనని పనివాళ్ళు అక్కడ ఉన్నారు.

అక్కడ ఒక మేస్త్రీ మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చాడు. ఇంత శ్రమ ఎందుకు, నడుస్తున్న అంబాసిడరు ఇంజను ఒకటి దొరుకుతుంది, మార్చేయండి, సగం ఖర్చు కూడా కాదన్నాడు. లెక్క ప్రకారం అది సరైన మాటే. కానీ 2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. వాటికి వి.ఎ. అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు చేసి ఉండకూడదు. ఇలా రిజిస్టరైన బండిని రోజూ వాడకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతుకూ తీసుకుపోవచ్చు. పాత బండి ఇంట్లో ఉన్న పాఠకులు ఏదైనా మార్చే ముందు ఈ నియమం చదువుకోవడం మంచిది. మామయ్యకు నియమం సంగతి తర్వాత. "అన్న గుండె తమ్ముడికి పెడితే తమ్ముడు బతుకుతాడు, కానీ తమ్ముడిలా పరుగెత్తడు," అన్నారు.

బ్లాకు అప్పగించి నేను హోసూరు వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత అమ్మాయి ఫోను చేసింది. "పెదనాన్నా, మొదటి కోతకు గీత పోలేదు. రెండో కోతకూ సన్నగా కనిపించింది. ఆఖరికి హోనింగు రాయి వేస్తే చెరిగిపోయింది. సరిగ్గా 40." వెనక నుండి మామయ్య దగ్గు వినిపించింది. ఆయన ఫోను తీసుకోలేదు.

పిస్టన్లు, రింగుల సెట్టు పంపింది ఎవరనుకున్నారు? అమ్మేయమన్న బావమరిదే. ఆ కార్లలో ఎక్కువ అమెరికాకే వెళ్ళాయి గనుక అక్కడ ఆ భాగాలు సులువుగా దొరుకుతాయి. తండ్రి అడగలేదు, మేనకోడలు కొలతల చీటీ ఫోటో తీసి పంపింది, అంతే. బేరింగులు, టైమింగు చైను, ఆయిలు పంపు అంబాసిడరువే వేశాం. హెడ్డులో ఎగ్జాస్టు వాల్వుల కింద గట్టి ఉక్కు సీట్లు పెట్టించారు. వెనకటి పెట్రోలులోని సీసం ఆ సీట్లను అరగకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే కాబట్టి, ఆ కాలపు ఇంజనులకు ఈ పని అవసరం.

ఫిబ్రవరిలో రెండోసారి వెళ్ళాను. బిగించడం మూడు రోజుల పని. రింగును సిలిండరులో పెట్టి దాని రెండు కొసల మధ్య సందును ఫీలరు గేజితో కొలిచారు. సందు లేకపోతే వేడికి రింగు సాగి మళ్ళీ విరుగుతుంది. మెయిన్ బేరింగులు 70, రాడ్డు బోల్టులు 35, హెడ్డు నట్లు 50 పౌండ్-అడుగుల బిగువు. ఒక్కో అంకె మామయ్య చెప్పడం, అమ్మాయి తిరిగి చెప్పడం, టార్క్ రెంచి టక్కుమనగానే నేను టిక్కు పెట్టడం. బ్యాంకులో ఇద్దరు సంతకం చేస్తేగాని పెట్టె తెరవరాదన్న నియమంలాంటిదే ఇదీ.

ఆదివారం ఉదయం ముందుగా ప్లగ్గులు లేకుండా ఇంజను తిప్పి, ఆయిలు ప్రెషరు ముల్లు లేచేదాకా ఆగారు. తర్వాత ప్లగ్గులు వేసి స్టార్టరు లాగారు. మొదటిసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి తిప్పమన్నారు మామయ్య. మూడోసారి పట్టుకుంది. షెడ్డు రేకులు గలగలలాడాయి. ఆయన కళ్ళు మూసుకుని, చేయి రాకర్ కవరు మీద ఆనించి చాలాసేపు విన్నారు. "మూడోది కూడా మాట్లాడుతోంది," అన్నారు. ఇంజను వేడెక్కాక వాల్వుల సందు 17 థౌ చొప్పున సరిచేయించి, కింద ఒక పాత పళ్ళెం పెట్టించారు. ఈ ఇంజను వెనక భాగంలో సరైన ఆయిల్ సీలు ఉండదు, ఎంత బాగా బిగించినా నాలుగు చుక్కలు కారవలసిందే. కారకపోతేనే లోపల ఆయిలు లేదని అర్థమట.

ఖర్చు లెక్క నా దగ్గరే ఉంది. లేతు పని, భాగాలు, పిస్టన్లు, నూనెలు అన్నీ కలిపి 1 లక్ష 38 వేల రూపాయలు. అమ్మాయి కూలీ, అత్త భోజనాలు అందులో కలపలేదు. ముంబయి వ్యాపారికి మామయ్య స్వయంగా ఫోను చేసి, ఇంజనుకు ప్రాణం ఉందని చెప్పారు.

మొదటి 800 కిలోమీటర్లు మెల్లగా నడపాలి. అమ్మాయి నడిపింది, మామయ్య పక్క సీటులో కూర్చున్నారు. ఇప్పుడా అమ్మాయి పీళమేడు వైపు ఒక వర్క్‌షాపులో ఉద్యోగం చేస్తోంది. ఇంటర్వ్యూలో తన కొలతల కాగితాలే చూపించిందట. మళ్ళీ బోరింగు వస్తే ఉక్కు గొట్టం తప్పదు, ఆ పని బహుశా 20 ఏళ్ళ తర్వాతిది. అప్పటికి మామయ్యా ఉండరు, నేనూ ఉంటానో లేదో. అందుకని పాత నోటు పుస్తకంలోని కొలతలన్నిటినీ నేను తెలుగు అక్షరాలలో రాసి ఇచ్చాను. 2025 పేజీ మాత్రం అమ్మాయే రాసింది. మన సంఘంవారి ఆదివారం తరగతిలో నేర్చుకున్న తెలుగు అక్షరాలు, ఇంకా కొంచెం వంకరగానే ఉన్నాయి. కానీ బోరును బోరనే రాసింది.